పదకొండో రోజు పరువు

పెద్దకర్మ పెళ్లిని మించిపోయిందని కొందరు పెద్దమనుషులు, విస్తరి ముందు నుంచి లేవకుండానే, వాపోతూ ఉంటారు. ఫ్లెక్సీలో పోయినాయన బొమ్మ ఆధార్ కార్డులో ఉన్నంతే ఉంటే, నివాళి అర్పించే నాయకులు నిలువెత్తున నవ్వుతున్నారనీ, గారెలతో సరిపెట్టవలసిన చోట నాలుగు రకాల మాంసాలు వడ్డిస్తున్నారనీ వారి ఆక్షేపణ. లోకం ఎంత ముందుకు పోయిందో ఎరిగినవారెవరూ ఈ మాట అనరు.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా ప్రజలున్నారు. వారి లెక్కలో ఊపిరి ఆగినంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు. అంత్యక్రియలకు కావలసిన సొమ్ము, చుట్టాలు, దున్నపోతులు సమకూరేదాకా, నెలలు పట్టినా ఏళ్లు పట్టినా, ఆయన కేవలం ఒంట్లో నలతగా ఉన్న మనిషి. ఇంట్లోనే పడుకోబెట్టి, పూటపూటా అన్నం పెట్టి, పలకరిస్తూ ఉంటారు. (బతికుండగా మన పెద్దల్లో ఎందరికి ఈపాటి పలకరింపు దక్కుతున్నదన్నది ఈ వ్యాస పరిధిలోకి రాదు.) ఆ పైన జరిగే ‘రంబు సోలో’ క్రతువులో గొప్పింటివారి దున్నల లెక్క 24 నుంచి మొదలవుతుంది. ఆత్మ ఆ దున్నల తోడుతో ‘పుయా’ అనే లోకానికి వెళుతుంది. కొమ్ములు మాత్రం ఎక్కడికీ వెళ్లక, దారిన పోయేవాడు లెక్కపెట్టుకోవడానికి వీలుగా, ఇంటి ముందరి స్తంభం మీద వరుసగా నిలుస్తాయి. ఎవరు ఏ దున్నను, ఏ పందిని తెచ్చారో పేరుపేరునా గుర్తుంచుకుని, వారింట చావు జరిగినప్పుడు తిరిగి ఇవ్వాలి; ఈలోగా తీసుకున్నవాడే పోతే కొడుకులు తీర్చాలి. చదివింపుల పద్దు రాసిన జాతికి ఇది వేరే చెప్పాలా? కాకపోతే మనం ఆ పద్దును పెళ్లిపందిరి దాటనీయక, చావు భోజనాన్ని ఇంకా ఉచితంగానే పెడుతున్నాం.

ఘనా దేశంలో, అక్రా పక్కనున్న తేషీలో, వడ్రంగులు జాలరికి చేప ఆకారంలోనూ, రైతుకు కోకో కాయ ఆకారంలోనూ, మోజున్నవాడికి బెంజి కారు ఆకారంలోనూ శవపేటిక చేసి ఇస్తారు. ఈ విద్య మన దగ్గరికి వస్తే స్థలాల వ్యాపారులకు ఈశాన్యం కాస్త పెంచిన పెట్టె చేయించవచ్చు.

ఇటువంటి ప్రగతికి అడ్డుపడేవారు ఏనాడూ ఉన్నారు. క్రీ.పూ. 450 ప్రాంతంలో రోమన్లు పన్నెండు పలకల చట్టం చేసి, శవయాత్రలో సన్నాయివంటి వాద్యం ఊదేవారు 10 మందికి మించరాదనీ, ఆడవారు చెంపలు రక్కుకోరాదనీ, శవంతో బంగారం పంపరాదనీ శాసించారు. పళ్లకు కట్టించుకున్న బంగారాన్ని మాత్రం దయతలచి వదిలేశారు. పదకొండోవాడి బతుకుతెరువు ఏమైందో ఆ పలకల మీద రాయలేదు. ఇక సౌదీ రాజు అబ్దుల్లా సంగతి మరీ విచారకరం. 2015 జనవరిలో ఆయన కన్నుమూస్తే, అంతటి చమురు సంపదకు ఏలికను ఆ రోజే మామూలు వస్త్రంలో చుట్టి, పేరు చెక్కిన రాయైనా లేని సమాధిలో పూడ్చారు. ఒక్క వార్డు మెంబరైనా ఫ్లెక్సీ కట్టించలేదు.

ఇటీవల మా బంధువుల ఇంట జరిగిన పెద్దకర్మలో అలాంటి లోపాలేవీ లేవు. అమెరికాలోని చిన్నకొడుకు చూడాలని డ్రోన్ కూడా ఎగరేశారు. పిండం పెట్టి గంట గడిచినా కాకి ముట్టలేదు. ఏ కోరిక మిగిలిపోయిందోనని పెద్దకొడుకు చేతులు జోడించి, చెరువు కింది రెండెకరాలూ చెల్లెలికే రాసిస్తానని నలుగురి ఎదుట మాట ఇచ్చాడు. అయినా రాలేదు. వంటవాడు విసుక్కుని, నెత్తిన ఆ రొద ఉంటే కాకి ఎలా వాలుతుందయ్యా అనడంతో డ్రోన్ దించారు. కాకి వెంటనే వచ్చి తిన్నది. ఆ దృశ్యం అమెరికాకు చేరలేదు గానీ, రెండెకరాల మాట మాత్రం చాలా స్పష్టంగా రికార్డయింది.