కోఠి రెసిడెన్సీ స్తంభాలు పాలరాతివి కావు

హైదరాబాద్‌లోని కోఠి రెసిడెన్సీ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది, ఫోటోలు ఇంకా బాగున్నాయి. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్, ఉండడానికి కట్టిన భవనం ఇది. కానీ దీని ముందున్న కొరింథియన్ (పైన ఆకుల నగిషీ ఉండే గ్రీకు శైలి) స్తంభాలను పాలరాతివని రాశారు. అవి ఇటుకతో కట్టి, పైన సున్నపు గారతో నునుపు చేసినవి. స్తంభం పైభాగంలో, అంటే తలకట్టులో, కనిపించే అకాంథస్ ఆకు మధ్యధరా తీరపు మొక్కది. మన తాపీవాళ్లలో దాన్ని పెరట్లో చూసినవాళ్లు ఎవరుంటారు?

గార పని తొందరపడితే కుదరదు. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి గానుగలో రుబ్బేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవారు. పొర మీద పొర వేసి, పూర్తిగా ఆరకముందే రుద్ది రుద్ది మెరుపు తెచ్చేవారు. ఇలాంటి పాత కట్టడాలకు సిమెంటు పూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సిమెంటు తేమను లోపలే పట్టేస్తుంది, పాత గార పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇంకో మాట. నిజాం కంపెనీ సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకోవడానికి ఒప్పుకున్న 1798 సైన్య సహకార సంధి తర్వాత, రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో మొదలైన భవనం ఇది. ఆ ఎత్తు, ఆ సింహాలు కంపెనీ దర్పం కోసమే. 1857 తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ బ్రిటిష్‌వారికి ఎదురు తిరిగి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. అందాన్ని అంత వివరంగా రాసినవారు ఈ చరిత్రను వదిలేయడం సరికాదు, దయచేసి చేర్చండి.