లారీ కొనేముందు షోరూమ్ కాదు, వర్క్‌షాప్ చూడాలి

పది టైర్ల లారీ కొనబోయే మనిషి డీలర్ల దగ్గరికి వెళ్లి మొదట తేల్చుకునే సంగతి ఎవరు ఎంత తగ్గిస్తారన్నదే. ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని, ఒకరి కాగితం మరొకరికి చూపించి, యాభై వేలో అరవై వేలో తగ్గించుకుని బయటికొస్తే బేరం గెలిచినట్టే అనుకుంటాడు. రూపాయి రూపాయి కూడబెట్టి డౌన్‌పేమెంట్ కట్టేవాడు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ లెక్క అక్కడితో ఆగదు. 35 లక్షల రూపాయల అప్పును 48 కిస్తీలకు, ఏడు శాతం ఫ్లాట్ వడ్డీకి (అప్పు తీరేదాకా మొదటి మొత్తం మీదే వేసే వడ్డీకి) తీసుకున్నాడనుకుంటే నెల కిస్తీ 93,333 రూపాయలవుతుంది. అంటే బండి రోడ్డు మీద ఉన్నా, షెడ్డులో ఉన్నా రోజుకు 3,100 రూపాయల పైచిలుకు బాకీ పడుతూనే ఉంటుంది. ఈ లెక్కన యాభై వేల డిస్కౌంట్ పదహారు రోజుల కిస్తీకి సమానం. ఒక్క విడిభాగం కోసం బండి పదహారు రోజులు ఆగిందంటే, డ్రైవర్ జీతం, పోయిన కిరాయిలు, క్వార్టర్లీ ట్యాక్స్ లెక్కలోకి రాకముందే ఆ డిస్కౌంట్ హరించుకుపోయినట్టే.

అందుకే లారీ విషయంలో డీలర్ అంటే అమ్మే మనిషి అని మాత్రమే చూడటం పొరపాటని నా అభిప్రాయం. అమ్మకం ఒక్క పూట పని. ఆ తర్వాత కిస్తీలు తీరేదాకా, వారంటీ ముగిసేదాకా బండి ఆరోగ్యం అతని వర్క్‌షాప్ చేతిలో ఉంటుంది. ఒకప్పుడు ఈ మాటకు ఇంత బరువు ఉండేది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పే మేస్త్రీలు ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. పాత బండ్లకు డీలర్ ముఖం చూడకుండానే పదిహేనేళ్లు గడిపిన ఓనర్లు ఎందరో. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. పొగను శుద్ధి చేసే వ్యవస్థ, డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవం కోసం వేరే ట్యాంకు, పొగగొట్టంలో సెన్సర్లు, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ బండిలోకి వచ్చి చేరాయి. లోపం ఎక్కడుందో చెప్పాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. మేస్త్రి చెవికి అది వినపడదు.

మా బావమరిది లారీ రెండేళ్ల కిందట బియ్యం లోడుతో చెన్నై వెళుతూ ఒంగోలు దాటాక పికప్ కోల్పోయింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది, ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ నడిచింది. బండి అమ్మిన డీలర్‌కు ఫోన్ చేస్తే, అమ్మిన రోజు "అర్ధరాత్రయినా ఫోన్ చేయండి అన్నా" అన్న మనిషే టోల్‌ఫ్రీ నంబరు చెప్పి పెట్టేశాడు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే సెన్సర్ పాడైందని తేలడానికి రెండు రోజులు, ఆ సెన్సర్ రావడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా బస్తాలను వేరే బండిలోకి మార్చడానికి హమాలీ ఖర్చు, రెండో బండి కిరాయి చేతి నుంచే పెట్టుకున్నాడు. మిగతా డీలర్ల కన్నా 60 వేలు తక్కువకు ఇచ్చాడని ఆ డీలర్ దగ్గర కొన్నాడు. పదకొండు రోజుల కిస్తీకే అందులో 34 వేలు పోయాయి. విడిభాగం వారంటీ కింద ఉచితంగానే వచ్చింది, అందులో వివాదం లేదు. ఆగిపోయిన రోజులకు మాత్రం వారంటీ ఉండదు.

ఆ తర్వాత అతను రెండో బండి కొనాలనుకున్నప్పుడు నేనూ వెంట వెళ్లాను. ఈసారి ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా షోరూమ్‌లోకి కాకుండా ముందు వెనకవైపు వర్క్‌షాప్ గేటుకు వెళ్లాం. ఒకచోట ఆరు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. చివరి బండి ముందు అద్దం మీద పేరుకున్న దుమ్ములో ఎవరో వేలితో పేరు రాశారు, ఆ పేరు మీద మళ్లీ దుమ్ము పడింది. కింద నీడలో చాప పరుచుకుని కూర్చున్న క్లీనర్‌ను అడిగితే, గేర్‌బాక్స్ విప్పి ఇరవై రోజులైందని, సామాను ఇంకా రాలేదని చెప్పాడు. షోరూమ్‌లో ఏసీ చల్లగానే ఉంది, టీ ఇచ్చారు, మర్యాదకు లోటు చేయలేదు. అయినా మేం అక్కడ కొనలేదు. మరోచోట బండ్లు నిలిపి రిపేరు చేసే బేల మధ్య జాబ్‌కార్డులు తగిలించి ఉన్నాయి, బండి వచ్చిన తేదీ, ఇస్తామన్న తేదీ రెండూ రాసి ఉన్నాయి. విడిభాగాల కౌంటర్‌లో క్లచ్ ప్లేటు, ఇంజెక్టర్, సెన్సర్ ఉన్నాయా అని అడిగితే ఆ కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, ఉన్నవి ఉన్నాయని, లేనిది ఎన్ని రోజుల్లో వస్తుందో చెప్పాడు. లేనిది లేదని చెప్పగలిగిన డీలర్ మీద నాకు నమ్మకం ఎక్కువ. వర్క్‌షాప్‌లో ఎదురుచూస్తున్న డ్రైవర్లు చెప్పే మాటకన్నా గట్టి సాక్ష్యం డీలర్ గురించి మరొకటి దొరకదు, ఎందుకంటే వాళ్లకు ఎవరినీ పొగడాల్సిన అవసరం లేదు.

కంపెనీ పేరు పెద్దది కదా, డీలర్ ఎవరైతే ఏం అనేవారు న్యాయస్థానాలు ఏమంటున్నాయో గమనించాలి. గోవాలో ఒక కొనుగోలుదారుకు 2011 మోడల్ అని చెప్పి, అప్పటికే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన 2009 మోడల్ కారును డీలర్ అంటగట్టిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీకీ డీలర్‌కూ మధ్య ఉన్నది ఎవరి వ్యాపారం వారిదిగా సాగే ఒప్పంద సంబంధమని, తనకు తెలియకుండా డీలర్ చేసిన దానికి కంపెనీని బాధ్యురాలిని చేయలేమని 2021 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. అది కారు కేసే అయినా ఆ సూత్రం లారీకీ వర్తిస్తుంది. బోర్డు మీద కంపెనీ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, బిల్లు మీద సంతకం డీలర్‌ది. తయారైన నెల, సంవత్సరం 17 అంకెలు, అక్షరాలుండే ఛాసిస్ నంబరులోనే ఉంటాయి. దాన్ని చదివి చూపించమని అడిగితే విసుక్కునే డీలర్‌తో అక్కడితో మాట ముగించడమే మంచిది.

కొటేషన్ కాగితం కూడా డీలర్ స్వభావాన్ని బయటపెడుతుంది. సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర 30 లక్షలున్న బండిపై ఇది మూడు లక్షల తేడా. పన్ను తగ్గిన మొత్తాన్ని తన డిస్కౌంట్‌గా చెప్పుకునే డీలర్‌ను పట్టుకోవాలంటే పన్ను కలపకముందు ధర ఎంతో విడిగా రాసివ్వమనాలి. ఇన్సూరెన్స్ విషయంలోనూ అంతే. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి ఎక్కడైనా ఒకటే. తేడా అంతా సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో ఉంటుంది. మా దగ్గరే పాలసీ తీసుకోవాలని షరతు పెట్టే హక్కు డీలర్‌కు లేదు. ఇక పది లక్షలు దాటిన వాహనంపై డీలర్ ఒక శాతం ఆదాయపు పన్నును ముందే వసూలు చేస్తాడు. 40 లక్షల బండికి అది 40 వేలు. ఆ సొమ్ము కొన్నవారి పాన్ నంబరు మీద జమ అయితే రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోతే వాపసు కూడా వస్తుంది. పాన్ నంబరు తప్పుగా పడినందుకో, రిటర్ను వేయనందుకో ఈ డబ్బు వదులుకుంటున్న ఓనర్-డ్రైవర్లు ఉండటం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఫైనాన్స్ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. చాలా షోరూముల్లో ఫైనాన్స్ కంపెనీ మనిషి డీలర్ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. "ఏడు శాతమే సార్" అంటాడు. మొదట చెప్పిన లెక్కే తీసుకుంటే, 35 లక్షలపై ఏడు శాతం చొప్పున నాలుగేళ్లకు వడ్డీ 9.8 లక్షలు. కానీ అసలు నెలనెలా తీరుతూ వస్తుంటే కూడా వడ్డీ మాత్రం మొత్తం 35 లక్షల మీదే వేస్తున్నారు. తగ్గే అసలు మీద లెక్కగడితే నిజమైన వడ్డీ పన్నెండున్నర శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంటేషన్ చార్జీలు కలిస్తే ఇంకా పెరుగుతుంది. 2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం రిటైల్ రుణాలకు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల టర్మ్ రుణాలకు అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి పడే నిజమైన వడ్డీ శాతాన్ని ఒక వివరాల పత్రంలో రాసి ఇవ్వాలి. సంతకానికి ముందే ఆ పత్రం ఇప్పించి, అర్థం కాని చోట తెలుగులో వివరించే డీలర్ మన పక్షాన ఉన్నట్టు. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టమనేవాడు ఎవరి పక్షాన ఉన్నాడో చెప్పనక్కర లేదు.

ఛాసిస్ మాత్రమే కొని తమిళనాడులోని నామక్కల్‌లోనో ఆటోనగర్‌లోనో బాడీ కట్టించుకునేవారు మరో సంగతి ముందే తేల్చుకోవాలి. బాడీ కట్టేటప్పుడు వైరింగ్ కదిపారని, ఛాసిస్‌కు వెల్డింగ్ చేశారని తర్వాత వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. ఏది చేయకూడదో డీలర్ నుంచి రాతపూర్వకంగా తీసుకుని బాడీ కట్టే మేస్త్రి చేతికి ఇవ్వాలి.

పాత బండి కొనేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి నిలిపేసింది. అమ్ముడుపోని అలాంటి లారీలను తుక్కు కింద కొని, నకిలీ పత్రాలతో బీఎస్-4 బండ్లుగా నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించారన్న ఆరోపణల మీద 2020లో అనంతపురం జిల్లాలో పెద్ద దుమారమే రేగింది. అలాంటి బండి చేతులు మారి తెలియని మనిషి దగ్గరికి చేరితే, సీజ్ అయ్యేది అతని బతుకుతెరువు. పాత వాహనాల డీలర్లు రిజిస్ట్రేషన్ అధికారుల నుంచి అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఓనర్ తన బండిని డీలర్‌కు అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆ సంగతి అధికారులకు తెలియజేయాలి. బండి తన దగ్గర ఉన్నంతకాలం బాధ్యత డీలర్‌ది. ఈ అనుమతి లేనివాడు, ఎంత తెలిసినవాడైనా, చట్టం దృష్టిలో డీలర్ కాడు. ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35, అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), చలాన్లు, పన్ను బకాయిలు, ఫిట్‌నెస్, పర్మిట్ చూడకుండా అడ్వాన్సు చేతిలో పెట్టకూడదు. మీటర్ రీడింగును మాత్రం పాత సర్వీసు బిల్లులతో పోల్చి చూసేదాకా నమ్మకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మోసం జరిగితే, వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేమని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వస్తువుకు చట్టం రక్షణ ఇస్తుంది. తానే నడుపుకోవడానికి లారీ కొన్న మనిషి, సాయంగా ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పది బండ్లున్న ట్రాన్స్‌పోర్టు యజమానికి ఈ దారి కష్టం కావచ్చు గానీ, ఒక్క బండి ఓనర్-డ్రైవర్‌కు తెరిచే ఉంది. అయితే కమిషన్ ముందు నిలబడేది కాగితమే. ఉచిత సర్వీసులు ఎన్ని, బ్రేక్‌డౌన్ అయితే ఎన్ని గంటల్లో మనిషిని పంపుతారు, డెలివరీ ఏ తేదీన అన్నవి డీలర్ లెటర్‌హెడ్ మీద ఉండాలి, కనీసం వాట్సాప్‌లోనైనా ఉండాలి.

మా బావమరిది రెండో బండి డెలివరీ ఒక శుక్రవారం పొద్దున జరిగింది. సాధారణంగా ఆ రోజు హడావిడి అంతా పూజదే. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి, ఆ సంబరంలోనే ఇచ్చిన కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టేస్తారు. మేం ముందే కాగితాలు చూస్తామన్నాం. సేల్స్ మేనేజర్ కాదనలేదు. "పూజకు తొందరేం లేదు బాబాయ్, చూసుకోండి" అని టేబుల్ మీద ఫైలు పెట్టాడు. బావమరిది మోకాళ్ల మీద వంగి, ఫ్రేము మీది గ్రీజు తుడిచి, చెక్కిన ఛాసిస్ నంబరును ఒక్కో అక్షరం పైకి చదివాడు. నేను అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21లో, ఇన్వాయిస్‌లో, ఇన్సూరెన్స్ పాలసీలో సరిచూశాను. పాలసీలో ఒక అంకె తప్పు పడింది. దాన్ని సరిచేయించడానికి గంటన్నర పట్టింది. అంతసేపూ పురోహితుడు, మేనేజర్, మేమూ ఆ బండి నీడలోనే కూర్చుని టీ తాగాం, పాలసీ సరిగ్గా వచ్చాకే నిమ్మకాయలు టైర్ల కిందకు చేరాయి.