స్లాబు రోజున మజ్జిగలో ఉప్పు పడాల్సిందే

పోయిన మేలో మా బాబాయి స్లాబు పని నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా వీపు మీద చెమట ఆరి తెల్లటి చారలు కట్టింది. పిక్కలు పట్టేసి కాలు చాపలేకపోతున్నాడు. రెండు వాంతులు అయ్యాయి. పిన్ని ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పాడు. అందరం వడదెబ్బ అనుకున్నాం. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే ఉప్పులో ఉండే సోడియం 119. కనీసం 135 ఉండాలట.

నీళ్లు తాగలేదా అంటే, పొద్దుట్నుంచి బబుల్ క్యాన్ నీళ్లు చెంబులకు చెంబులు తాగుతూనే ఉన్నాడు. ఆయనకు బీపీ ఉంది. ఉప్పు తగ్గించమన్నారని ఆ నెలంతా మజ్జిగలో కూడా చిటికెడు వేసుకోలేదు. వాడేదేమో ఒంట్లో నీళ్లనీ ఉప్పునీ మూత్రంలో పంపించేసే మాత్ర. చెమటలో ఉప్పు పోతోంది, మాత్రతోనూ పోతోంది, లోపలికి వెళ్లేది మాత్రం వట్టి నీళ్లు.

నా బాధ అక్కడే. ఉప్పు తగ్గించమని చెప్పినవాళ్లు ‘నువ్వు ఎండలో పనిచేస్తావా?’ అని ఒక్క మాట అడగలేదు.

ఆ సలహా నాలాంటివాడికి నూటికి నూరుపాళ్లు కరెక్ట్. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏసీలో కూర్చుని ఆవకాయ, అప్పడం, సాయంత్రం మిక్చరు తినే నేను ఆ లెక్క ఎప్పుడో దాటేస్తాను. కానీ ఒక లీటరు చెమటలోనే ఒకటి నుంచి మూడు, నాలుగు గ్రాముల దాకా ఉప్పు పోతుంది. 43 డిగ్రీల ఎండలో కాంక్రీటు తట్టలు మోసేవాడికి గంటకు లీటరు చెమట పట్టడం వింతేమీ కాదు. నాకూ ఆయనకూ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

మా నాయనమ్మ పొలం వెళ్లేవాళ్లకు చద్దన్నంలో మజ్జిగ పోసి, కల్లుప్పు వేసి పిసికి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, ఇంకో నాలుగు గల్లులు వేసేది. పక్కన ఉల్లిపాయ. గంజి తాగినా అందులో ఉప్పు ఉండాల్సిందే. పేగుల్లో ఉప్పులోని సోడియం, అన్నం అరిగితే వచ్చే గ్లూకోజు కలిసి వెళ్తే వాటితో పాటే నీళ్లూ బాగా ఒంటికి పడతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల్లో కలరా ప్రబలినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లతోనే ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఈనాటి ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనక ఉన్నదీ అదే సూత్రం.

ఆ ప్యాకెట్‌ని కూడా చాలామంది ఒక గ్లాసులో కలిపేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి. రంగురంగుల తీపి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ ఆ పేరు వాడొద్దని ఆదేశాలు రాలేదు.

ఇదంతా చదివి బీపీ ఉన్నవాళ్లు ఉప్పు డబ్బా ముందేసుకోవద్దు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలే వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం, నేను ఎండలో ఇన్ని గంటలు పనిచేస్తాను, ఈ మాత్ర వేసుకుంటున్నాను అని మీరే ముందు చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

పని చేయించుకునేవాళ్లకూ ఒక మాట. రెండు బబుల్ క్యాన్లు పడేసి చేతులు దులుపుకోకండి. లక్షలు పోసి స్లాబు వేయిస్తున్నాం, ఒక బకెట్ మజ్జిగకు ఎంతవుతుంది? 2015 ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే.

బాబాయికి డాక్టరు మాత్ర మార్చారు, ఎండాకాలానికి ఉప్పు ఎంతో లెక్క చెప్పారు. ఈ ఆదివారం మా పక్క స్థలంలో స్లాబు. మజ్జిగ మా ఇంటి నుంచే వెళ్తుంది. ఉప్పు తనే వేస్తానని పిన్ని ముందే చెప్పింది.