ఎనిమిది నిమిషాల చీజ్ క్రాకర్స్ కరకరలాడవు

ఏ చీజైనా సరే, మైదా, వెన్న వేసి బాగా మర్దించి 220 డిగ్రీల్లో 8 నిమిషాలు పెడితే కరకరలాడే క్రాకర్స్ రెడీ, నెల రోజులు నిల్వ ఉంటాయి, ఇంట్లో చేసినవి కాబట్టి పిల్లలు ఎన్ని తిన్నా ఫర్వాలేదు. ఫోన్లలో తెగ తిరుగుతున్న చిట్కా ఇది. నమ్మి చేశాను. అంచులు కాఫీ రంగుకు మాడిపోయాయి, మధ్యలో నొక్కితే బొటనవేలు దిగింది.

మూడే వస్తువులు చాలన్నది మాత్రం నిజమే, బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. మిగతాదంతా నీళ్ల సంగతి మర్చిపోయి రాసింది.

"ఏ చీజైనా" అన్న దగ్గరే మొదటి తప్పు. గట్టి చెడ్డార్‌లో నీళ్లు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, మొజరెల్లాలో దాదాపు సగం. ఆ నీరంతా ఓవెన్‌లో పోతేనే క్రాకర్ విరుగుతుంది, లేకపోతే సాగుతుంది. ప్రాసెస్డ్ స్లైసులు ఇంకో రకం, వాటిలో వేసే లవణాల పనే కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచడం. ప్యాకెట్‌లో వచ్చే తురుముకి ముక్కలు అంటుకోకుండా పిండిపదార్థమో సెల్యులోజో పూసి ఉంటుంది, దాంతో ముద్ద సరిగ్గా కలవదు, మనం ఇంకో చెంచా నీళ్లు పోస్తాం, మళ్లీ ఆ నీళ్లే పోవాలి. కాబట్టి గట్టి చెడ్డార్ కొని అప్పటికప్పుడు తురుముకోండి.

"బాగా మర్దించాలి" అట. ఇది బ్రెడ్డు కాదండీ! మైదాని నీళ్లతో ఎంత పిసికితే అంత గ్లూటెన్ (మైదాలోని సాగే ప్రోటీన్) బలపడి క్రాకర్ గట్టి అట్టముక్క అవుతుంది. మనకు కావాల్సింది గుల్లతనం. 225 గ్రాముల చీజ్, 55 గ్రాముల చల్లటి వెన్న, 125 గ్రాముల మైదా వేళ్లతో నలిపితే తడి రవ్వలా అవుతుంది. పిడికిట్లోకి తీసుకుని నొక్కండి, ముద్దగా నిలిస్తే ఆపేయండి, విడిపోతుంటే ఒక చెంచా చల్లటి నీళ్లు, అంతే. అరగంట ఫ్రిజ్‌లో పెడితే వెన్న గట్టిపడి వత్తడం తేలికవుతుంది.

ఇక 220 డిగ్రీలు. పాల ప్రోటీన్ త్వరగా రంగు మారుతుంది, ఆ వేడికి లోపలి నీరు పోయేలోపే పైన మాడి చేదొస్తుంది. 3 మిల్లీమీటర్ల మందంలో వత్తి, చిన్న చతురస్రాలుగా కోసి, ఒక్కోదాని మధ్యలో పుల్లతో చిల్లు పెట్టండి (అది అందానికి కాదు, ఆవిరి పోవడానికి, లేకపోతే బుడగల్లా ఉబ్బుతాయి), 175 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచండి. ఓవెన్‌ని బట్టి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, గడియారం కంటే అంచుల బంగారు రంగుని నమ్మండి. తర్వాత ఓవెన్ ఆపేసి, తలుపు కాస్త తెరిచి ఇంకో పది నిమిషాలు లోపలే వదిలేస్తే మిగిలిన తేమా పోతుంది.

నెల రోజుల నిల్వ మాటకొస్తే, నా అనుభవంలో గాలి చొరని డబ్బాలో వారం బాగుంటాయి, అదీ పూర్తిగా చల్లారాక పెడితేనే. వేడి మీద మూత పెడితే ఆ ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. మెత్తబడ్డా పారేయకండి, 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెట్టి ఆరనివ్వండి.

పిల్లలు ఎన్ని తిన్నా ఫర్వాలేదు అన్న మాటకే నాకు ఎక్కువ చిరాకు. నిల్వ రసాయనాలు లేవు, ఒప్పుకుంటాను. కానీ పైన చెప్పిన కొలతకి మొత్తం సుమారు 1750 కేలరీలు, చీజ్‌లోంచే 4 గ్రాముల దాకా ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే నేను పిండిలో విడిగా ఉప్పు వేయను.

ట్రేలోంచి తీశాక మధ్యలోది ఒకటి చల్లార్చి విరిచి చూడండి, టక్‌మని విరగకపోతే ట్రే మళ్లీ లోపలికి.