నైరుతిలో సబ్‌వూఫర్

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్ వైపు ఈమధ్య గృహప్రవేశాలకు వెళ్లినవారికి నేను చెప్పబోయేది కొత్తేమీ కాదు. పాలు పొంగించిన వంటిల్లు చూపించడానికి అర నిమిషం, పూజగదికి ఒక నిమిషం, హోమ్ థియేటర్‌కు ముప్పావు గంట. పూజగదిలో ఇద్దరు నిలబడితే మూడోవారు గుమ్మం బయటి నుంచే దణ్ణం పెట్టుకోవాలి. థియేటర్లో మాత్రం రెండు వరసల రిక్లైనర్లు, వెనక వరసకు ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా అడుగెత్తు దిమ్మ. తెలుగువాళ్ల ఇళ్లల్లో అరుగులు పోయాయని వాపోయే పెద్దలు ఇక ఊరుకోవచ్చు.

మా బావ కట్టించినది 7.1.4. అంటే చెవుల ఎత్తున చుట్టూతా ఏడు స్పీకర్లు, బేస్, అంటే గుండెలదరగొట్టే లోతు శబ్దాలు, పలికే సబ్‌వూఫర్ ఒకటి, సీలింగులో నాలుగు. నెత్తిమీంచి శబ్దం కురిపించే ఈ ఏర్పాటును డాల్బీవారు 2012లో ఆట్మాస్ పేరుతో సినిమా హాళ్లకు తెచ్చారు. అంతకుముందు పై వాటావాళ్లు రోలు జరిపినప్పుడు మనకు ఈ సౌకర్యం ఉచితంగానే అందేది.

గది కొలతలు తేల్చడానికి, శబ్దం ఎలా పలకాలో చూసే అకౌస్టిక్స్ కుర్రాడూ, సిద్ధాంతిగారూ ఒకే రోజు వచ్చారు. అది మా బావ చేసిన పొరపాటు.

"చతురస్రం వద్దు సార్. పొడవూ వెడల్పూ సమానమైతే బేస్ అంతా ఒకే చోట పోగుపడుతుంది. ఒక కుర్చీలో పళ్లు కదులుతాయి, పక్క కుర్చీలో ఏమీ వినపడదు" అన్నాడు కుర్రాడు.

"చతురస్రం కంటే శ్రేష్ఠమైనది ఏముంది నాయనా?" అన్నారు సిద్ధాంతిగారు.

ఆ బేస్‌ను మింగడానికి నాలుగు మూలలా రాక్‌వూల్ అనే రాతినార కుక్కిన బేస్ ట్రాపులు నిలబెట్టాలన్నాడు కుర్రాడు. ఈశాన్యం మూస్తే వంశానికే అరిష్టమన్నారు ఆయన. ఇక సబ్‌వూఫర్ దగ్గర పెద్ద చర్చ నడిచింది. అది బరువు గనక నైరుతిలో ఉండాలి. మరి మోగినప్పుడు గాలిని కదుపుతుంది గనక వాయవ్యం కావద్దా? ఈ ధర్మసందేహం సిద్ధాంతిగారికే వచ్చింది. రెండు కాఫీల తర్వాత, ఆడనప్పటి స్థితే దాని అసలు స్వభావమని తీర్మానించి నైరుతికి పంపారు. ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది గనక ఆగ్నేయమే సరైనదని ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండు శాస్త్రాలూ కలిసింది ఆ ఒక్క మూలలోనే.

ఫలితంగా నైరుతి కుర్చీలో ఎవరూ కూర్చోలేరు. గోడలకు అంటించిన మెత్తటి ప్యానెళ్లు లోపలి ప్రతిధ్వనిని మింగుతాయే గాని బయటికి పోయే శబ్దాన్ని ఆపవు. అందుకు బరువైన గోడ, మధ్యలో గాలిసందు కావాలి. ఆ ఖర్చు మిగిల్చి మా బావ పాప్‌కార్న్ మిషన్ కొన్నాడు. కనుక పక్క విల్లావారి అద్దాల బీరువాకు కూడా ఆట్మాస్ అందుతోంది.

సీలింగుకు నల్లరంగు వేసి ఫైబర్ చుక్కలు గుచ్చారు. సిటీ దీపాల మధ్య ఆకాశంలో చుక్కలు కనబడటం మానేశాక కొని తెచ్చుకోక తప్పదు గదా. సప్తర్షి మండలంలో ఎనిమిది చుక్కలున్నాయేమిటని అడిగితే, ఎనిమిదోది అరుంధతి అన్నాడు ఎలక్ట్రీషియన్. ఈ మొత్తం వ్యవహారంలో చదువుకున్నవాడు ఆయనొక్కడే అని నా అభిప్రాయం.

120 అంగుళాల తెర, దానికి 12 అడుగుల దూరంలో కుర్చీ. అక్కడి నుంచి తెర 40 డిగ్రీల మేర కన్ను నింపుతుందట. తెర వెలుతురు గోడల మీద పడి తిరిగి రాకుండా నాలుగు గోడలకూ చీకటి రంగు. "ఇల్లంతా తెల్లగా వేయించి ఇక్కడ మసి పూశారేమిట్రా" అంది మా అక్క.

ఇంత చేసి అక్కడ చూసేదేమిటంటే, డెమో. వచ్చినవారందరికీ రెండు నిమిషాల వాన, ఒక హెలికాప్టర్. నేను ఆ హెలికాప్టర్‌ను పదకొండుసార్లు చూశాను. ఈశాన్యంలో లేచి నైరుతిలో దిగుతుంది. అది వాస్తుకు అనుకూలమో కాదో ఎవరూ అడగలేదు.

మొదటిసారి పూర్తి సినిమా మొన్న ఆదివారం వేశారు. బావ తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఏదో హాల్లో కెమెరాతో తీసిన దొంగ ప్రింటు. రిసీవర్ పాపం తన ధర్మం తాను నిర్వర్తించి, ఆ హాల్లోని ఈలలన్నిటినీ పదకొండు స్పీకర్లకూ పంచింది. ఎడమవైపు ఎవరో దగ్గారు. నెత్తిమీద పసిబిడ్డ ఏడ్చింది. పాట మొదలవగానే తెరకు అడ్డంగా ఒక నీడ లేచి నిలబడింది.

"కూర్చోవయ్యా బాబూ, వెనకాల మేం చూడొద్దూ!" అని అరిచాడు మా బావ, దిమ్మ మీంచి.