కరకట్ట పక్కనున్న ఓపెన్ లాన్ గారికి



మహారాజశ్రీ లాన్ గారి దివ్యసముఖానికి, పెళ్లికూతురి మేనమామ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా తుమ్ములతో క్షేమం. తమరు మంచుకి తడిసి పచ్చగా ఉన్నారని తలుస్తాను.

ముందే ఒప్పేసుకుంటున్నా. తమరి దగ్గర మా పిల్ల పెళ్లయిన రాత్రి ఫోన్లో చూస్తే 18 డిగ్రీలే. ఢిల్లీలో ఉండే మా తోడల్లుడు "ఇదీ ఒక చలేనా?" అన్నాడు. కాకపోవచ్చు. కానీ మే నెలలో 45 డిగ్రీలు చూసిన బెజవాడ ఒళ్లు కదా! మా బీరువాల్లో స్వెట్టర్ ఉంటే అది ఎప్పుడో తిరుమల వెళ్తూ కొన్నదే, కలరా ఉండల వాసనతో. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ శివరాత్రికి ఇంకా మూడు వారాలుంది. శూన్యమాసం పోయి మాఘంలో ముహూర్తం దొరికిందే చాలని మా బావ తమర్ని బుక్ చేశాడు. "హాల్లో ఏముందోయ్, లాన్ అయితే డ్రోన్ షాట్ వస్తుంది."

ఆ డ్రోన్ కోసమే తమరి నెత్తిన శామియానా లేకుండా చేశారు. మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశంలోకి పోతుంది. గాలికన్నా ముందు గడ్డి చల్లబడుతుంది, మంచు దాని మీదే పడుతుంది. పైన ఓ గుడ్డ ఉన్నా ఆ వేడి కాస్త కిందే ఆగుతుంది. మా తాత ఈ ఫిజిక్సేమీ చదవలేదు, తాటాకు పందిరి వేయించేవాడంతే. తమరి దగ్గరేమో శాటిన్ కవర్లు తొడిగి, వెనక బో కట్టిన కుర్చీలు సాయంత్రం అయిదింటికే ఆరుబయట వేశారు. ఎనిమిదింటికి కూర్చున్నాను. కూర్చోగానే నాకు తెలిసింది. లేచాక నా వెనకున్న వాళ్లందరికీ తెలిసింది. పట్టుపంచె మీద సీటంత మేర గుండ్రంగా తడి.

ఇది చాలదని నాలుగు మూలలా మిస్ట్ ఫ్యాన్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆపమన్నాను.

"ప్యాకేజీలో ఉన్నాయి సార్."

"ఆపితే డబ్బులు తగ్గిస్తారా?"

"తగ్గించరు సార్."

"అయితే తిరగనీవోయ్" అన్నాడు మా బావ.

కార్డులో ఏడున్నర అని వేశారు. జంట తొమ్మిదింబావుకి వచ్చింది, డ్రై ఐస్ పొగలో నడుచుకుంటూ. తెల్లారుజామున కృష్ణ మీద పొగమంచు ఊరికే దొరుకుతుంది, మేం మాత్రం మైనస్ 78 డిగ్రీల సరుకు డబ్బిచ్చి తెప్పించుకున్నాం. (మా అమ్మ వయసూ 78. ప్లస్.) అంతలో దారికి అటూ ఇటూ నిప్పురవ్వలు గుప్పున లేచాయి. "హమ్మయ్య, చలిమంట వేశారు" అని అమ్మ చేతులు చాపుకుంటూ బయల్దేరింది. ఓ కుర్రాడు అడ్డం పరిగెత్తాడు.

"మామ్మగారూ, అది కోల్డ్ ఫైరండీ. వేడి రాదు."

"వేడి లేని మంట పెళ్లికెందుకురా?"

వాడి దగ్గర జవాబు లేదు. తమరి దగ్గరుంటే రాయండి.

స్టేజీ మీద మా మేనకోడలు చేతుల్లేని జాకెట్టుతో గజగజ వణుకుతుంటే ఫొటోగ్రాఫర్ "స్మైల్ మేడమ్" అంటాడు. పళ్లు ఎలాగూ కనబడుతూనే ఉన్నాయి, కొట్టుకుంటూ. భోజనాల సంగతి ఎందుకులెండి. నెయ్యి గిన్నెలో గరిటె నిటారుగా నిలబడింది. జనమంతా దోసెల పెనం చుట్టూ మూగారు, ప్లేటు పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఐస్‌క్రీమ్ కుర్రాడు కౌంటరు వదిలేసి వచ్చి మా పక్కనే అరచేతులు కాచుకున్నాడు.

పదింటికి ఓ నాయకుడు వచ్చాడు. కోటు, లోపల స్వెట్టరు. మా వాళ్లు వరసగా ఎనిమిది శాలువాలు కప్పారు. కప్పడం, ఫొటో దిగడం, వెనకున్న మనిషి తీసేసి చంకలో పెట్టుకోవడం. అమ్మ ముందు వరసలో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెడుతూనే ఉంది. ఎనిమిదోది అయ్యాక ఆ చంక మనిషిని వేలితో పిలిచింది.

"నాయనా, మీ అయ్యగారికి ఉక్కపోస్తున్నట్టుంది. అందులో ఒకటి ఇటు ఇలా పడెయ్యి."

పాపం, రెండిచ్చాడు. రెండోది నా నడుముకి చుట్టుకుని ఇంటికొచ్చాను. జరీ అంచుది, బానే ఉంది.

ఇట్లు,
పంచె ఇంకా ఆరని,
పెళ్లికూతురి మేనమామ