‘పెళ్లయిన ఆడపిల్లకు వాటా లేదు’ మెసేజ్‌లో ఉన్నది కాలం చెల్లిన చట్టం

తండ్రి పెద్దకర్మ అయిన మర్నాడే తమ్ముడు చేతిలో పెట్టిన స్టాంపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చిందావిడ. ‘‘ఆస్తిలో నాకేమీ వద్దని సంతకం పెట్టమంటున్నాడండీ, నాకెలాగూ హక్కు లేదట’’ అంటూ ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ చూపించింది. మా ఆఫీసుకు వచ్చే ఆడవాళ్లు తరచూ చూపించేదే: ‘పెళ్లయితే వాటా లేదు. 2005కు ముందు తండ్రి పోతే వాటా లేదు. కట్నం ఇస్తే వాటా ఇచ్చినట్టే. సంతకం పెడితే ఇక తిరుగులేదు.’

పెళ్లి మాట ఎక్కడిదో చెబుతాను. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందే ఇచ్చింది. అయితే 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయినవాళ్లను మినహాయించింది. ఊళ్లలో ఇప్పటికీ అదే పట్టుకున్నారు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి ప్రస్తావనే లేదు.

తండ్రి బతికి ఉండాలన్నది 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు. వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఆగస్టు 11న దాన్ని పక్కన పెట్టింది. కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుంది, సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే అమ్మేసినవి, రిజిస్టరు చేసుకున్న లేదా కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలు మాత్రం కదలవు. ‘ఎప్పుడో పెద్దమనుషుల్లో నోటిమాటగా పంచుకున్నాం’ అంటే చాలదు, దానికి బలమైన ప్రభుత్వ రికార్డు చూపించాలి.

ఇదంతా పిత్రార్జితం సంగతి. తండ్రి స్వార్జితమైతే ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటాలే. అది 1956 నుంచీ ఉంది. ముస్లింలకు, క్రైస్తవులకు, షెడ్యూల్డు తెగలవారికి నిబంధనలు వేరు.

కట్నం మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరం. నేరం చేసి, అదే వాటా అనడం ఏం న్యాయం? కట్నం ఇస్తే వాటా పోతుందని వారసత్వ చట్టంలో ఏ సెక్షనూ చెప్పదు. పసుపుకుంకుమల కింద పొలం రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో ఏం రాశారో చదవాలి.

ఇక సంతకం. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. ఉత్త స్టాంపు కాగితంతో వాటా పోదు. అలాగని పెట్టేయకండి, రేపు కోర్టులో మీకు ఎదురు చూపించేది ఆ కాగితాన్నే. ఇష్టపడి రిజిస్టరు చేసిచ్చారో, వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఆవిడ కాగితాన్ని మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇల్లు తాతది, పొలం నాన్న కొన్నది అనుకుంటున్నానంది. ముందు రెండింటికీ ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తెమ్మన్నాను. అక్కణ్నుంచి నేరుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లింది.